పోత ఇనుప స్తంభానికి రంగు వేసే ముందు

మూడు మీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల వ్యాసం, 2 సెంటీమీటర్ల గోడ మందం ఉన్న బోలు స్తంభాన్ని ఒకదాన్ని లెక్కకు తీసుకుందాం. ఘన సెంటీమీటరు పోత ఇనుము 7.2 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన స్తంభం బరువు సుమారు 176 కిలోలు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు మూడున్నర. ఈ బరువంతటినీ వానకు, ఎండకు చెడకుండా కాపాడేది పైనున్న రంగు. నాలుగు పూతలు పద్ధతిగా వేసినా ఆ రంగు మందం 0.2 మిల్లీమీటర్లే. పాత ఇనుప కట్టడాన్ని బాగుచేయడమంటే చాలామందికి ఈ 0.2 మిల్లీమీటర్లే గుర్తుకొస్తాయి. పెయింటర్‌ను పిలుస్తారు, వారంలో పని అయిపోతుంది, రెండేళ్లకు మళ్లీ పెచ్చులు లేస్తాయి. డబ్బు పోతే పోయింది, వందేళ్ల నాటి నగిషీ కూడా పూతపూతకూ మొద్దుబారి కనిపించకుండా పోతుంది. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మన వైపు ఇలాంటి ఇనుము ఎక్కడిదని అడగొచ్చు. మద్రాసు రైల్వే లైను కడప, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. ఓడరేవులో దిగిన బరువైన సామాను సీమ నడిబొడ్డుకు చేరే దారి అలా పడింది. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పాత మేడ వరండాకు పూల కమ్మీ, ఆకుల బోదె ఉన్న స్తంభం ఉందంటే అది ఆ కాలం సంగతే అయ్యుండొచ్చు. అయితే కట్టడం మొత్తం పోత ఇనుముతో నిలబడిన తీరు చూడాలంటే మనకు దగ్గర చోటు బెంగళూరు. పూల ప్రదర్శనకు మనవాళ్లు పిల్లాపాపలతో వెళ్లే లాల్‌బాగ్ గాజు ఇల్లే అది. తోట సూపరింటెండెంటు జాన్ కామెరాన్ కాలంలో, 1889 నవంబర్ 30న, బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ దానికి శంకుస్థాపన చేశాడు. ఇనుప భాగాలు స్కాట్లాండులోని గ్లాస్గోలో వాల్టర్ మాక్‌ఫర్లేన్ కంపెనీ వారి సారసెన్ ఫౌండ్రీలో పోతపోసినవి. ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు. 1935లో తూర్పు భాగం పెంచినప్పుడు మాత్రం ఇనుము భద్రావతి నుంచి వచ్చింది. ఈసారి వెళ్తే పూల మీంచి ఒక్క నిమిషం చూపు తిప్పి స్తంభాల మొదళ్లు, అతుకులు చూడండి. ఈ కథనంలో చెప్పబోయేదంతా అక్కడ కళ్లెదుట ఉంటుంది.

ఇంతకీ పోత ఇనుమంటే ఏమిటి? కరిగించి అచ్చులో పోసిన ఇనుము. ఇందులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఇంటి స్లాబులో వేసే ఉక్కు కమ్మీలో పావు శాతం చుట్టూనే ఉంటుంది. కార్బన్ ఎక్కువ కావడంతో ఇది 1,150 – 1,200 డిగ్రీలకే కరిగి, అచ్చులోని ప్రతి ఆకు మూలకూ నీళ్లలా పారుతుంది. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దాకా వెళ్లాలి. ఆ కార్బనే దీన్ని పెళుసుగానూ చేసింది. పైనుంచి ఎంత బరువు పెట్టినా మోస్తుంది. వంచినా, లాగినా, సుత్తితో గట్టిగా కొట్టినా వంగదు, పుటుక్కున పగులుతుంది. మరమ్మతులో తీసుకునే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క గుణం చుట్టూ తిరుగుతాయి.

మీ ఇంటిది పోత ఇనుమో ఉక్కో ఎలా తెలుసుకోవడం? రాజమండ్రిలో 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన దూలాలు చూడండి. పలకలను వరసగా రివెట్లు కొట్టి కలిపినవి అవి. రివెట్లు, చదునైన పలకలు, పదునైన అంచులు కనిపిస్తే ఉక్కో, కొలిమిలో సాగగొట్టిన ఇనుమో అయ్యుంటుంది. పోత ఇనుముకు రివెట్లు ఉండవు, బోల్టులే ఉంటాయి. ఒంటి మీద సన్నటి గరుకు ఉంటుంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట స్తంభం పొడవునా సన్నని గీత కనిపిస్తుంది. నగిషీ అంతా స్తంభంతో ఒకే ముక్కగా ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్లు ముందుగా అడిగే మాట. కర్నూలు, కడప అంటేనే వానలు లేని సీమ, ఏడాదికి 650 – 700 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఇక్కడ తుప్పు గురించి అంత బెంగ అవసరమా? ఈ మాటలో సగం నిజముంది. గాలి, తేమ, ఉప్పు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి ప్రాంతాలను తరగతులుగా విడదీసే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. తేమ తక్కువైన చోట, రంగు లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 మైక్రాన్లకు మించి తరగదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఉప్పుగాలి బాగా తగిలే సముద్రపు ఒడ్డున అదే ఉక్కు 80 నుంచి 200 మైక్రాన్ల దాకా పోతుంది. పోత ఇనుము సంగతీ ఇంచుమించు ఇంతే. 25 మైక్రాన్ల వేగమే ఏటా సాగిందనుకున్నా, నిజానికి పోనుపోను తగ్గుతుంది, ఒక మిల్లీమీటరు తరగడానికి 40 ఏళ్లు పడుతుంది. 20 మిల్లీమీటర్ల గోడకు అది పెద్ద నష్టం కాదు.

మిగతా సగం అంత తేలిక కాదు. ఆ లెక్క గాలికి తెరిచి ఉన్న, తడిసిన వెంటనే ఆరిపోయే ఒంటికే వర్తిస్తుంది. వాన ఎంత కురిసిందని కాదు, నీళ్లు ఎక్కడ ఎన్నాళ్లు నిలిచాయన్నదే తుప్పుకు ముఖ్యం. సీమలో ఏడాది వాన కొద్ది రోజుల్లోనే దబదబా పడిపోతుంది. అతుకు సందులోకి, బోలు స్తంభం కడుపులోకి దిగిన నీళ్లు నెలల తరబడి బయటికి రావు. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే: మన ప్రాంతంలో ఇనుప కట్టడాన్ని కాపాడే పని రంగుతో మొదలు కాదు, నీళ్లకు దారి చూపడంతో మొదలవుతుంది.

స్తంభం మొదలు చూడండి. పాత రోజుల్లో మొదటి పలక నేలకు కాస్త ఎత్తుగా ఉండేది. తర్వాతెప్పుడో వరండాలో కొత్తగా నాపరాయి పరిచారు, సందులు సిమెంటుతో పూడ్చారు. ఆ నేల స్తంభం మడమల దాకా వచ్చింది. ఇప్పుడు కడిగిన నీళ్లన్నీ స్తంభం చుట్టూ ఆగి, సిమెంటుకూ ఇనుముకూ మధ్య ఇంకుతాయి. పైన బోదె దగ్గర పగులుంటే ఆ నీళ్లూ లోపలి నుంచి కిందికే చేరతాయి. చాలా పాత కట్టడాల్లో బోలు స్తంభమే వాన నీటి గొట్టం కూడా. లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో కప్పు మీది నీళ్లు దిగింది స్తంభాల లోపలి నుంచే. ఆ దారి ఆకులు, పిచ్చుక గూళ్లతో మూసుకుపోతే స్తంభమే నిలువు తొట్టి అవుతుంది.

అక్కడ జరిగే నష్టం కంటికి కనపడదు. ఎప్పుడూ తడిగా ఉండే చోట పోత ఇనుములోని ఇనుము కరిగిపోయి, కార్బన్ గూడు మాత్రం మిగులుతుంది. దీన్ని గ్రాఫైటీకరణ అంటారు. ఆకారం చెక్కుచెదరదు, నగిషీ ఉన్నట్టే ఉంటుంది. గోటితో కాకపోయినా చాకు మొనతో గీస్తే మాత్రం నల్లటి పొడి రాలుతుంది, పెన్సిల్ ముల్లు చెక్కినట్టు. కనుక ఏ పనీ మొదలుపెట్టక ముందు చిన్న సుత్తితో మొదలు నుంచి పైదాకా అడుగడుగునా మెల్లగా తట్టి వినండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పగులున్న చోట, మెత్తబడ్డ చోట శబ్దం చచ్చిపోతుంది. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గుర్తుపెట్టండి. బరువు మోసే స్తంభం మొదట్లో అలాంటి గుర్తులుంటే, పెయింటర్‌కు ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

తుప్పు చేసే రెండో చెరుపు ఉబ్బడం. ఇనుము తుప్పయితే, తుప్పు రకాన్ని బట్టి రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. రెండు పలకల మధ్య అతుకులో అర మిల్లీమీటరు ఇనుము తుప్పయినా, అది 3 మిల్లీమీటర్ల మందాన ఉబ్బి పలకలను విడదీయగలదు. పెళుసు ఇనుము వంగి సర్దుకోలేదు కాబట్టి బోల్టు చెవి దగ్గర పగులుతుంది. పగిలిన ముక్కను చూసి, ఎవరో కొట్టారనుకుంటారు. కొట్టింది తుప్పే.

ఇక మన ఎండ. వేసవి మధ్యాహ్నం ఇనుము 60 డిగ్రీలు దాటుతుంది, చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగుతుంది. 45 డిగ్రీల తేడాకు 10 మీటర్ల పొడవున్న ఇనుప వరస 5 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. ఇది ఏటా జరిగేదే. అందుకే అతుకులను సిమెంటుతోనో మొండి లప్పంతోనో బిగదీస్తే మొదటి వేసవికే చీలతాయి, చీలికలోంచి నీళ్లు దిగుతాయి. సాగి ముడిచే గుణమున్న పాలీయురితేన్ సీలెంటే అతుకులకు తగినది.

పగిలిన చోట వెల్డింగ్ పెట్టిస్తే సరిపోదా? గేట్లు వెల్డింగ్ చేసే షెడ్డులోని మామూలు రాడ్డుతో అయితే వద్దు. అంత కార్బన్ ఉన్న ఇనుము ఒకచోట కాలి, పక్కన చల్లగా ఉంటే, చల్లారేటప్పుడు అతుకు పక్కనే కొత్త పగులు పడుతుంది. నికెల్ రాడ్డుతో, ముక్కంతా ముందే వేడిచేసి, మెల్లగా చల్లార్చగల పనివాడు ఉంటే సాధ్యమే. అంతకన్నా నెమ్మదైన దారి వేడి లేని కుట్టు. పగులుకు అడ్డంగా రంధ్రాలు వేసి, లోహపు బిళ్లలు దిగ్గొట్టి, పగులు వెంట మరలు బిగిస్తారు. ఇంజను బ్లాకులు బాగుచేసేవాళ్లకు ఈ విద్య తెలుసు. బరువు మోయని చిన్న గుంటలకు ఎపాక్సీ పూరకం చాలు. బోల్టులు మార్చేటప్పుడు తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలువి నేరుగా బిగించకండి. రెండు వేర్వేరు లోహాలు తడిలో తగులుకుని ఉంటే బలహీనమైనది కరుగుతుంది, ఇక్కడ కరిగేది మీ పాత ఇనుమే. తప్పనిసరైతే నైలాన్ వాషరు, గొట్టం వేసి రెండింటినీ వేరుచేయాలి.

పోయిన ముక్కను కొత్తగా పోతపోయించాల్సి వస్తే ఒక లెక్క మరవకూడదు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం ముడుచుకుంటుంది. పక్కనున్న మంచి స్తంభాన్నే నమూనాగా పెట్టి అచ్చు తీస్తే, 3 మీటర్లకు 3 సెంటీమీటర్లు పొట్టిగా వస్తుంది. వరండా దూలం దాని మీద ఆనదు. అందుకే నమూనా చేసే వడ్రంగి, ఆ ఒక శాతం ముందే కలిపి గుర్తులు గీసిన ప్రత్యేకమైన స్కేలు వాడతాడు. ఫౌండ్రీవారిని ఈ సంగతి ముందే అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే పని తెలిసినవారే.

శుభ్రం చేయడం దగ్గరే డబ్బూ రోజులూ ఎక్కువగా పోతాయి, పోవాలి కూడా. మొదట్లో లెక్కకు తీసుకున్న మన స్తంభం ఒంటి వైశాల్యం 1.4 చదరపు మీటర్లు. బోదె, మొదలు, నగిషీ వంపులు కలిపి ఒకటిన్నర రెట్లు అనుకుంటే 2.1. ఎనిమిది స్తంభాల వరండాకు 17 చదరపు మీటర్లు, అంటే 180 చదరపు అడుగులకు పైన. నాలుగు పూతలకు 68 చదరపు మీటర్లు. లీటరుకు 8 చదరపు మీటర్ల చొప్పున తొమ్మిది లీటర్ల లోపు రంగుతో పని అయిపోతుంది. అదే చేత్తో వైరు బ్రష్షు, చిన్న గీకుడు పలక పట్టి వంపువంపునా శుభ్రం చేసే మనిషి రోజుకు 2 చదరపు మీటర్లు చేశాడనుకోండి, ఎనిమిదిన్నర పనిదినాలు. మీ ఊరి కూలి రేటుతో గుణించి చూసుకోండి, రంగు డబ్బా ధర పక్కన ఆ మొత్తం పెద్దదిగానే కనిపిస్తుంది. అక్కడ కోత పెడితే మిగతాదంతా వృథా.

యంత్రంతో గరుకు పొడి కొట్టించవచ్చా? పోత ఇనుము తట్టుకుంటుంది, ఒత్తిడి చదరపు అంగుళానికి 80 – 100 పౌండ్లకు మించనివ్వకుండా, సన్నటి పొడితో. మోటారు సైకిలు టైరులో ఉండే గాలి 30 పౌండ్ల చుట్టూ ఉంటుంది, అంటే దానికి మూడు రెట్లు. పక్కనున్న ఇటుక, సున్నం, రాయి ఆ దెబ్బకు తట్టుకోలేవు, వాటిని పలకలతో కప్పాలి. వాగు ఇసుక మాత్రం వాడనీయకండి. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. రాతి క్వారీల్లో పనిచేసిన కుటుంబాలకు ఆ జబ్బు ఎంత క్రూరమైనదో తెలుసు.

దీనికన్నా దగ్గరి ప్రమాదం పాత రంగులోనే ఉంది. ఇనుముకు వెనకటి రోజుల్లో వేసిన ఎర్ర పూత చాలాచోట్ల సీసం సిందూరం. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం కిలోకు 90 మిల్లీగ్రాములకు మించకూడదని 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి, 2017 నవంబర్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. పాత రంగులో ఒక్క శాతం సీసం ఉన్నా కిలోకు 10,000 మిల్లీగ్రాములు, పరిమితికి నూరు రెట్లు పైన. పొడిగా ఉప్పు కాగితం పట్టినా, మంటతో కాల్చినా అది గాల్లో కలిసి, ఆడుకునే పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి గీకాలి, కింద ప్లాస్టిక్ పరచాలి, రాలినదంతా మూట కట్టి వేరుగా పెట్టాలి. పనివాడికి ముక్కుకు తువ్వాలు చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు ఇవ్వాలి. అది యజమాని బాధ్యత.

గీకి పారేసే ముందు, ఎండ తగలని మూలలో రూపాయి బిళ్లంత చోటులో సన్నటి ఉప్పు కాగితాన్ని తడిపి, మెట్లు మెట్లుగా అరగదీయండి. ఒకదాని కింద ఒకటిగా పాత రంగులు వలయాల్లా బయటపడతాయి. అన్నిటికన్నా లోపలిది ప్రైమరు, దాని మీదిది కట్టిన నాటి రంగు. ఇంగ్లండులో 1779లో నిలబెట్టిన ఐరన్ బ్రిడ్జి, 378 టన్నుల పోత ఇనుముతో ప్రపంచంలోనే మొదటి పెద్ద ఇనుప వంతెన, మొన్నమొన్నటి దాకా బూడిద రంగులో ఉండేది. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2017 – 18లో 36 లక్షల పౌండ్లతో దాన్ని బాగుచేసినప్పుడు, ఇలా పొరలు పరిశీలించి, మొదటి రంగు ముదురు ఎరుపని తేల్చి అదే వేసింది. మన మేడలకూ ఆ గౌరవం దక్కాలి. వెండి రంగు పులిమేయడం తేలికే, కింద ఏముందో చూడటానికి ఒక పూట చాలు.

కడగడానికి ఏ నీళ్లు? బోరు నీళ్లు వద్దు. తాగే నీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 2,000 దాకా పరవాలేదని భారతీయ ప్రమాణం. మన బోర్లలో 1,500 ఉన్నాయనుకుంటే, లీటరు నీళ్లు ఇనుము మీద ఆరేసరికి గ్రామున్నర ఉప్పు మిగులుతుంది. రంగు కింద చిక్కిన ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి బొబ్బలు లేపుతుంది. కుళాయి నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో వాడి, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆసిడ్ పోసి తుప్పు వదిలించడం కూడా ఇలాంటిదే. సందుల్లో మిగిలింది తర్వాత తింటుంది.

శుభ్రమైన ఇనుము మీద కొన్ని గంటల్లోనే పసుపుపచ్చ తుప్పు పొర వస్తుంది. కనుక పొద్దున శుభ్రం చేసిందానికి సాయంత్రం లోపే ప్రైమరు పడాలి. ఎనిమిది స్తంభాలూ గీకి, వారం తర్వాత రంగు మొదలుపెట్టే పద్ధతి పనికిరాదు. దుకాణంలో దొరికే రెడ్ ఆక్సైడ్ చాలదా అంటే, అది నీళ్లకు అడ్డుగోడ మాత్రమే. తుప్పును రసాయనికంగా ఆపే జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు రెండు పూతలు మేలు. ఎపాక్సీ గట్టిదే కానీ ఎండకు సుద్దలా పొడిబారుతుంది. అది వేస్తే పైన పాలీయురితేన్ పూత తప్పదు.

ఏ నెలలో చేయించాలి? గాలిలో తేమ 85 శాతం దాటినప్పుడు, ఇనుము మంచు కురిసే ఉష్ణోగ్రతకు కనీసం 3 డిగ్రీలు పైన లేనప్పుడు రంగు వేయకూడదు. తాకితే చెయ్యి కాలేంత వేడి ఇనుము మీద కూడా వేయకూడదు, పూత కుదురుకోక ముందే ఆరి బుడగలు వస్తాయి. కాబట్టి ఏప్రిల్, మే వద్దు. కర్నూలు వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కడప వైపు ఈశాన్య రుతుపవనాల జల్లులు డిసెంబరులోనూ పడతాయి గనుక సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం మంచిది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు ఒక దఫా, నీడ తిరిగాక మరో దఫా.

అనుమతుల మాట. గండికోట, సిద్ధవటం కోటల్లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రణలో ఉంటాయి. ఆ పరిధిలో పాత ఇంటి మరమ్మతుకైనా ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఉమ్మడి ఆస్తి అయితే ఇంకో చిక్కుంది. ముంబయిలోని వాట్సన్ హోటల్ ఇంగ్లండు నుంచి తెచ్చిన పోత ఇనుప చట్రంతో 1869కి పూర్తయింది. లూమియేర్ సోదరుల చలనచిత్రాలను మన దేశంలో మొదటిసారి 1896 జూలై 7న చూపింది అక్కడే. తర్వాత అది గదులు గదులుగా అద్దెలకు విడిపోయింది. 2005లో ఒక భాగం కూలి మనిషి ప్రాణం పోయింది, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2006 జాబితాలో దాన్ని ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల్లో చేర్చింది. అన్నదమ్ములు పంచుకున్న మేడలో వరండా ఎవరి వాటాకూ రాకపోతే, దాని బాగోగులు ఎవరివో కాగితం మీద రాసుకోండి.

పని అయ్యాక వాడిన రంగు పేరు, నెంబరు, కంపెనీ రాసిన కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు దాచండి. అర లీటరు రంగు మిగిల్చి, గట్టిగా మూత పెట్టండి. ఏటా తొలకరికి ముందు ఒక పూట కేటాయించి, స్తంభం మొదట్లో నీళ్లు బయటికి పోయే రంధ్రం ఉంటే దానిలో తీగ దూర్చి చూడండి, సీలెంటు చీలిందేమో చూడండి. గీత పడిన చోట ఇనుము కనిపిస్తే ఆ రోజే రుద్ది, ప్రైమరు, రంగు వేయండి. స్తంభం చుట్టూ నాపరాయి ఎత్తు పెరిగి ఉంటే, మేస్త్రీని పిలిచి మొదలు చుట్టూ నాలుగు అంగుళాల మేర తీయించి, నీళ్లు బయటికి పారేలా వాటం పెట్టించండి.